మంద నిలిచిన చేను

గుడ్లవల్లేరు ఊరి జీవాలకు జీవితాంతం వైద్యం చేసిన పెద్దాయన పేరిట జరుగుతున్న సభ ఇది. అందుకే ఆయన మనసుకు దగ్గరైన సంగతే ఎంచుకున్నాను. మందగలవాడికీ చేనుగలవాడికీ మధ్య నడిచిన ఒప్పందపు చరిత్ర అది.

ముందు కొంచెం దూరం వెళ్లొద్దాం. పెరూ, బొలీవియా దేశాల ఎత్తయిన కొండల మీద వేల ఏళ్లుగా లామాలను, అల్పాకాలను పెంచుతున్నారు. రెండూ ఒంటె కుటుంబానివే. లామా బరువు మోస్తుంది, అల్పాకా మెత్తని ఉన్నినిస్తుంది. 1836 ప్రాంతంలో ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ మిల్లు యజమాని టైటస్ సాల్ట్ ఆ ఉన్నితో బట్ట నేయించి గొప్ప ధనవంతుడయ్యాడు. ఇవాళ అమెరికా, ఆస్ట్రేలియా పల్లెల్లో కూడా వాటిని పెంచుతున్నారు. లోకానికి ఉన్నే కనిపించింది. కొండ రైతుకు మాత్రం పేడ కూడా అంత విలువైనదే. కుస్కో దగ్గరి మార్కకోచ అనే పాత చెరువు అడుగు మట్టిని పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2011లో ఒక సంగతి ప్రకటించారు. సుమారు 2,700 ఏళ్ల కిందట అంత ఎత్తున మొక్కజొన్న పండిందంటే, లామా పేడ ఎరువుగా దొరకడం వల్లనేనని వారి నిర్ణయం. లామాలు మందంతా ఒకేచోట పేడ వేస్తాయి కాబట్టి ఎత్తుకోవడం తేలిక. గొర్రెకు ఆ అలవాటు లేదు. మేసినంత మేరా చల్లుకుంటూ పోతుంది. అందుకే మనవాళ్లు రాత్రిపూట మందను చేలోనే నిలిపారు.

మందను ఒకచోట కట్టడం మన కృష్ణా పరీవాహకంలో చాలా పాత పని. అప్పటి పాలమూరు జిల్లా ఉట్నూరులో బూడిద దిబ్బను 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు తవ్వించాడు. కొత్త రాతియుగపు పశుల దొడ్డిలో పేరుకున్న పేడ మళ్లీ మళ్లీ కాలి ఆ దిబ్బ అయింది. చుట్టూ పాతిన దడి గుంజల గుంతలు, పశువుల గిట్టల గుర్తులు కూడా అక్కడ బయటపడ్డాయి. నాలుగు వేల ఏళ్లకు పైబడిన దొడ్డి అది.

తర్వాతి కాలానికి సాక్షి కాటమరాజు కథ. కరువొచ్చి మందలు తోలుకుని నెల్లూరు సీమకు వెళ్లినవాడు కాటమరాజు. మేపుకున్నందుకు పుట్టిన కోడెదూడలను పుల్లరిగా ఇస్తానని అక్కడి రాజుతో ఒప్పుకున్నాడు. ఆ మాట చెడి యుద్ధం దాకా వచ్చింది, ఆ రాజు సేనాని ఖడ్గతిక్కన అందులోనే కన్నుమూశాడు. పుల్లరి పేరు చెబితే పల్నాడు కూడా గుర్తు రావాలి. అడవిలో పశువులు మేపుకున్నందుకు తెల్లదొరల ప్రభుత్వం వేసిన పన్నును ఎదిరించి 1922లో కన్నెగంటి హనుమంతు ప్రాణమిచ్చాడు. పచ్చిక మీద హక్కు కోసం తెలుగువాళ్లు రెండుసార్లు నెత్తురు చిందించారని మన పిల్లలకు చెప్పాలి.

మన డెల్టా కథ వేరు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక బందరు కాలువ కింద బీళ్లు క్రమంగా మాగాణులయ్యాయి, పచ్చిక తగ్గింది. అయినా మెట్ట గొర్రెల మందలు మనవైపు వచ్చేవి. ఆ రాకకు ఒక లెక్క ఉంది. సార్వా వరి కోతకు ముందే చేలో మినుములు చల్లుతాం. ఆ మినుము ఇల్లు చేరాకగానీ చేను ఖాళీ కాదు. అప్పుడు దిగేవి మందలు. పగలంతా గట్లూ మోళ్లూ మేసి, పొద్దు గూకితే రైతు చూపిన చెక్కలో నిలిచేవి. మర్నాడు పక్క చెక్క. నారుమడి పోయబోయే చోట మంద కట్టించుకోవడానికి రైతులు పోటీ పడేవారు. పెంట తోలే బండి ఖర్చు లేదు, చిమ్మే కూలీ లేదు. అన్నిటికన్నా మేలు, పేడతోపాటు మూత్రం కూడా నేలలోనే ఇంకుతుంది. దిబ్బ మీద సగం సారం ఆవిరైన ఎరువుకు ఆ బలం రాదు. కాపరికి ధాన్యమో రొక్కమో ముట్టేది.

కాలువకు నీళ్లొదిలే వేళకు మంద తిరుగుముఖం పట్టేది. ఇది కాపరి జ్ఞానం. తడి నేలలో గిట్టలు కుళ్లుతాయి. కాలువ నత్తల నుంచి కార్జంలో జలగలు చేరతాయి. తొలకరి లేతగడ్డి విపరీతంగా మేస్తే చిటుక రోగం వచ్చి, సాయంత్రం బాగున్న జీవం తెల్లారేసరికి పడిపోతుంది. మన వైద్యులవారు కాపరుల మాట శ్రద్ధగా వినేవారు. మందు సీసా ఎంత ముఖ్యమో, మంద ఏ నెలలో ఎక్కడ ఉండాలన్నదీ అంతే ముఖ్యమని చెప్పేవారు.

ఈ ఒప్పందం ఇప్పుడు సన్నగిల్లింది. యూరియా బస్తా వచ్చింది. కోత యంత్రం వదిలిన గడ్డికి చాలాచోట్ల నిప్పు పెడుతున్నాం. కైకలూరు వైపు చేలు చేపల చెరువులయ్యాయి. పుంతలు ఆక్రమణలతో ఇరుకైపోయాయి. మంద నడవడానికి దారే లేకపోతే ఎవరు వస్తారు? చేలో కాల్చేసిన గడ్డి గొర్రె కడుపున పడితే ఎరువయ్యేది. దాన్ని బూడిద చేసి, నేల చప్పబడిందని వాపోవడం మనం చేస్తున్న తప్పు.

ఐక్యరాజ్యసమితి 2024ను ఒంటె జాతి జీవాల సంవత్సరంగా, 2026ను పచ్చికబయళ్ల, పశుపోషకుల సంవత్సరంగా ప్రకటించింది. ఆ గౌరవం మన ఊరికి మందలతో వచ్చే యాదవ సోదరులకూ చెందాలి. పంచాయతీ పెద్దలను ఈ వేదిక మీది నుంచి చేతులెత్తి అడుగుతున్నాను: పుంతలు కొలిపించండి, హద్దురాళ్లు వేయించండి. రైతులారా, ఈ వేసవిలో గడ్డికి అగ్గి పెట్టకండి. ఒక్క ఎకరంలోనైనా మంద కట్టించి, వచ్చే సార్వా పైరు చూసి మీరే చెప్పండి.