ఇఖామా గడువు, మనిషి నిశ్చింత

(మహబూబ్‌నగర్‌లో గల్ఫ్ కార్మికుల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వలస గురించి పాలమూరు ప్రజలకు కొత్తగా చెప్పవలసింది లేదు. కృష్ణా, తుంగభద్రలు పొలిమేరలో పారుతున్నా వానను నమ్ముకుని సేద్యం చేసిన నేల ఇది. ఇక్కడి కూలీలు గుంపు మేస్త్రీల వెంట వెళ్లి దేశం నలుమూలలా ఆనకట్టలు, కాలువలు కట్టారు. 1973 తరువాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాలలో నిర్మాణాలు విస్తరించాక ఆ దారి సముద్రం దాటింది. నల్లగొండ ఫ్లోరైడు పల్లెల నుంచీ, పాలమూరు మెట్ట పొలాల నుంచీ మన పిల్లలు రియాద్, జెద్దా, దుబాయి, కువైట్ చేరారు. వారు పంపిన డబ్బు గురించి చాలామంది మాట్లాడారు. వారు అక్కడ కాగితాల కోసం ఎదురుచూస్తూ గడిపే రోజుల గురించి నేడు మాట్లాడుకుందాం.

సెలవుపై వచ్చినవారిని పలకరిస్తే తరచుగా వినిపించే మాట భద్రతే. అర్ధరాత్రి ఒంటరిగా నడిచినా భయం లేదంటారు. కరెంటు పోదంటారు. గడ్డాన్ని, బురఖాను చూసి అనుమానించేవారు లేరంటారు. ఈ మాటలను తేలికగా తీసుకోరాదు. స్వదేశంలో దొరకవలసిన నిశ్చింత పరదేశంలో దొరికిందని ఒక పౌరుడు చెప్పడం ఇక్కడి పాలకులు తలవంచుకోవలసిన విషయం. అయితే అదే మనిషిని "నీ ఇఖామా గడువు ఎప్పటివరకు ఉంది?" అని అడిగి చూడండి. సమాధానం రావడానికి కొంతసేపు పడుతుంది.

ఇఖామా అంటే సౌదీలో నివాసపు అనుమతి పత్రం. దానిని పునరుద్ధరించవలసినవాడు యజమాని, అంటే కఫీల్. రుసుము కట్టవలసిన బాధ్యతా అతనిదే. అతడు కట్టకపోతే నష్టపోయేది మాత్రం కార్మికుడు. గడువు తీరగానే బ్యాంకు ఖాతా నిలిచిపోతుంది, ఇంటికి డబ్బు పంపే దారి మూసుకుపోతుంది, ఆరోగ్య బీమా చెల్లదు. జెద్దాలో ఉన్నవానికి మక్కా ఎనభై కిలోమీటర్ల దూరమే. అయినా హజ్ అనుమతి పత్రానికి దరఖాస్తు చేసుకోలేడు. ఊళ్లో తండ్రి చనిపోతే జనాజాకు రాలేడు. వీధిలో దొంగల భయం లేని మనిషికి పోలీసు వాహనం చూస్తే గుండె దడ పుడుతుంది.

కుటుంబంతో ఉన్నవారి లెక్క వేరు. 2017 జూలై నుంచి సౌదీ ప్రభుత్వం విదేశీయులపై ఆధారపడిన ప్రతి కుటుంబ సభ్యునికీ నెలకు వంద రియాళ్ల రుసుము విధించింది. అది ఏటా వంద చొప్పున పెరిగి 2020 నాటికి నాలుగువందలైంది. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నవాడు ఏడాదికి 19,200 రియాళ్లు కడితేగాని వారి ఇఖామాలు కొనసాగవు. చిన్న జీతగాళ్లు ఎందరో భార్యాపిల్లలను వెనక్కి పంపి, ఒంటరిగా క్యాంపు గదుల్లోకి మారారు. అక్కడి బడిలో చదివిన పిల్లలు ఇక్కడికి వచ్చి తెలుగు అక్షరాలు మొదటినుంచి దిద్దవలసి వచ్చింది.

కఫీల్ చేతిలో ఇంకొక ఆయుధం ఉంది, హురూబ్. తన వద్ద పనిచేసేవాడు పారిపోయాడని అతడు ఫిర్యాదు నమోదు చేస్తే, జీతం అడిగిన కార్మికుడు చట్టాన్ని అతిక్రమించినవాడయ్యే ప్రమాదం ఉంది. ఆజాద్ వీసా పేరుతో అప్పుచేసి వీసా కొని, కఫీల్ ఒకచోట, పని మరొకచోటగా బతికేవారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

మార్పులు రాలేదని నేను అనను. ఖతార్ 2020లో యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు కల్పించింది. 2021లో వెయ్యి రియాళ్ల కనీస వేతనాన్ని అమల్లోకి తెచ్చింది. సౌదీ 2021 మార్చిలో కొన్ని షరతులతో అటువంటి సంస్కరణ తెచ్చింది. కానీ ఇళ్లలో పనిచేసే స్త్రీలను, సొంత డ్రైవర్లను, గొర్రెల కాపరులను అందులో చేర్చలేదు. మన ప్రాంతం నుంచి వెళ్లినవారిలో ఎందరు ఈ పనుల్లోనే ఉన్నారో మీకు వేరే చెప్పనక్కరలేదు.

కాగితాలు సరిగా ఉంటే అంతా సవ్యమేనా అంటే అదీ కాదు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికుల వసతి భవనం తగలబడి నలభైమందికి పైగా భారతీయులు మరణించారు. ఇరుకు గదుల్లో మనుషులను కుక్కినచోట ఇఖామా ప్రాణం కాపాడదు.

ఈ ఎదురుచూపు పేదలకే పరిమితం కాదు. అమెరికాలో ఇంజనీర్లుగా ఉన్న మన నల్లగొండ పిల్లల సంగతీ చూడండి. గ్రీన్‌కార్డులలో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి ఇవ్వరాదన్న నియమం వల్ల వారు ఏళ్లతరబడి వరుసలో నిలబడి ఉన్నారు. హెచ్-1బి వీసాపై ఉన్నవారికి ఉద్యోగం పోతే సాధారణంగా మిగిలేది 60 రోజులు. జీతంలో రియాద్ డ్రైవరుకూ వారికీ పోలిక లేదు. యజమాని కన్నెర్రజేస్తే ఇల్లు ఖాళీ చేయవలసి వస్తుందన్న దిగులు మాత్రం ఇద్దరిదీ ఒకటే. ఒకరి దయమీద ఆధారపడినది ఎంత సుఖంగా ఉన్నా దానిని భద్రత అనలేము. అడిగి తీసుకోగలిగిన హక్కుగా మారినప్పుడే అది భద్రత.

ఈ న్యాయాన్ని మన ఊళ్లకూ వర్తింపజేయాలి. మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లో బస్తాలు మోసే బీహార్ హమాలీలు, భువనగిరి వైపు ఇటుక బట్టీల్లో మగ్గే ఒడిశా కుటుంబాలు మన కళ్లముందే ఉన్నారు. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే వచ్చినా, వారి పేర్లు రిజిస్టరులో ఉన్నాయా అని మనమెప్పుడైనా అడిగామా? హైదరాబాద్ బాలాపూర్‌లో రోహింగ్యా శరణార్థులు ఐక్యరాజ్యసమితి కార్డులు పట్టుకుని రేపు ఏమవుతుందోనని బతుకుతున్నారు. పౌరుడైనా కాకపోయినా ప్రతి మనిషి ప్రాణాన్ని కాపాడే బాధ్యత రాజ్యానిదని 1996లో చక్మాల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సౌదీలో మన బిడ్డకు న్యాయం కోరే మనం ఇక్కడి పరాయివాడి విషయంలో మౌనం వహించరాదు.

ఇక మనం చేయవలసిన పనులు. పదో తరగతి పాసుకానివారు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ లేకుండా, విజిట్ వీసాపై పనికి వెళ్లరాదు. క్లియరెన్స్‌తో వెళితే పది లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా వర్తిస్తుంది. పాస్‌పోర్టు భారత ప్రభుత్వపు ఆస్తి అని మన 1967 చట్టం చెబుతోంది. దానిని యజమానికి అప్పగించి ఊరుకోవద్దు. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, ఇఖామా నకళ్లు ఇంట్లో భార్య దగ్గరో, తల్లి దగ్గరో ఉండాలి. కాగితం గడువు తేదీ ఇంట్లో ఆడవారికి కూడా తెలియాలి. ఎందుకంటే ఆపద వచ్చిన రోజున కలెక్టరు కార్యాలయం మెట్లెక్కేది వారే.

ప్రభుత్వాన్ని అడగవలసింది కూడా ఉంది. గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబాలకు ఐదు లక్షల రూపాయల సాయం 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వుల్లో పెట్టింది. అది అవసరమే. కానీ మనిషి పోయాక ఇచ్చే సాయంకన్నా, మనిషి బతికుండగా, ఇఖామా నిలిచిపోయిన మొదటి నెలలోనే స్పందించే వ్యవస్థ ముఖ్యం. మహబూబ్‌నగర్‌లో ఒకటి, నల్లగొండలో ఒకటి, వలస కార్మికుల సహాయ కేంద్రాలు కావాలి. ఉర్దూ, తెలుగు రెండూ తెలిసిన ఉద్యోగి ఉండాలి. రాయబార కార్యాలయానికి పంపిన ప్రతి ఫిర్యాదు ఎంతవరకు వచ్చిందో కుటుంబానికి తెలపాలి. ఈ కోరికతో మనం ఇచ్చే వినతిపత్రంపై ఇక్కడున్న ప్రతి కుటుంబమూ సంతకం చేసి వెళ్లాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.

ఖుదా హాఫిజ్.