యుద్ధవార్తయు, గృహస్థుని దినచర్యయు
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)

ఈ సందర్భమున భారతమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. గ్రామపు లెక్కలు వ్రాసికొనుచు, మిగిలిన ప్రొద్దున ఈ గ్రంథాలయపు బల్లపై గురుముఖము లేకయే కావ్యములు చదివికొన్న నాకు అది తలకు మించిన పని. కావున భారతములోని ఒక్క ఘట్టమును మాత్రము చేపట్టి, అందుండి మన యిండ్లలోనికి వచ్చెదను.

కురుక్షేత్ర యుద్ధమునకు ముందు వ్యాసులవారు ధృతరాష్ట్రుని కడకు వచ్చి, చూడగోరినచో కన్నులిచ్చెదననిరి. జ్ఞాతివధ చూడజాలను, విన్న చాలునని ఆ రాజు పలికెను. అంతట సంజయునకు దివ్యదృష్టి లభించెను. ధృతరాష్ట్రుని మనము పలువిధముల నిందింతుము గాని, ఈ ఒక్క విషయమున ఆయన మనకంటె తెలివిగలవాడని నాకు తోచును. ఆయన వలదన్న కన్నులు నేడు మన యందరి చేతులలో నున్నవి. ఎక్కడనో కూలిన మేడ మన అన్నపు కంచము ప్రక్కనే కూలుచున్నది. అయినను, భీష్ముడు పడినాడని పదవనాడు సంజయుడు వచ్చి చెప్పినది మొదలు ఆయనయు విని, విలపించి, మరల వినెను. వినుట యొక్కటియే పనియైన ఇంటిలో ఏమి జరుగునో నేను అనుభవమున నేర్చుకొంటిని.

2022 ఫిబ్రవరి 24వ తేదీన రష్యా సేనలు ఉక్రెయినుపై దాడి వెడలునప్పటికి మా అక్కగారి మనుమడు ఆ దేశమున ఖార్కివ్ నగరములో వైద్యవిద్య చదువుచుండెను. రష్యా సరిహద్దునకు ఆ నగరము మిక్కిలి చేరువ. నేను తెల్లవారినది మొదలు టెలివిజను ఎదుట కూర్చుండి, ఒక చానెలు విడిచి మరియొక చానెలు త్రిప్పుచుంటిని. చేసిన పని సున్న. ఇంత వ్యర్థమైన ఖర్చుపద్దును నేను ఏ ఖాతాలోను చూచి యెరుగను. ఫిబ్రవరి 27వ నాటి మధ్యాహ్నము మా అమ్మకు ఈయవలసిన రక్తపుపోటు మాత్ర మరచితిని. ఎనుబదియెనిమిదేండ్ల ముదుసలి. సాయంకాలము పెరటిలోనికి పోబోయి, గడప కడ కన్నులు తిరిగి కూలబడెను. దెబ్బ తగులకపోవుట దైవకృప. నా భార్య ఏమియు అనలేదు. అందువలన నా సిగ్గు ఇనుమడించెను. అమ్మ మాత్రము, “ఒరే, ఆ ఊరిపేరు నాకు నోరు తిరగదు గాని, నా మాత్ర యెక్కడ పెట్టావో చెప్పు” అనెను.

ఆ రాత్రి ఆమె తన తల్లిని గూర్చి చెప్పెను. ఆ కథ కొంత నే నెరిగినదే. పూర్తిగ వినుట అదియే మొదలు.

మా మాతామహుడు రంగూనులో ఒక బియ్యపుమిల్లున గుమస్తా. ఆ కాలమున కాకినాడ, విశాఖపట్టణముల నుండి పొగయోడలెక్కి బర్మా పోయి బ్రదికిన తెలుగువారు వేలకొలది. కోరంగి రేవు పేరిట అక్కడివారు మనవారిని కొరంగీలని పిలుచుచుండిరి. 1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. 1942 మార్చి 8వ తేదీన నగరము వారి వశమయ్యెను. లక్షలాది భారతీయులు అరకాను కొండల మీదుగను, మణిపురపు అడవుల మీదుగను కాలినడకను స్వదేశమునకు బయలుదేరిరి. త్రోవలో ఆకలికిని, కలరాకును, మలేరియాకును రాలిపోయినవారు వేలకు వేలు. ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు పడెను. బర్మాబియ్యము ఆగిపోయెను, కిరసనాయిలు కరవయ్యెను.

మా అమ్మమ్మకు అప్పటికి ముగ్గురు పిల్లలు, ఒక ఆవు, రెండెకరముల పొలము. డిసెంబరు పిమ్మట మగని యుత్తరము లేదు, మనియార్డరు లేదు. టపా బంట్రోతు ఉదయము పదిగంటల వేళకు వచ్చును. ఆ వేళకు ఆమె చేతిలోని పని విడిచి వీధి అరుగుపై నిలుచును. అతడు తల అడ్డముగ త్రిప్పి సాగిపోయినతోడనే లోనికి వచ్చి కొంగు బిగించును. మరునాటి పదిగంటల వరకు ఆ యింట రంగూను మాట యెవరును ఎత్తరాదు. పిల్లలు అడిగినచో, “రేపు టపా వేళకు అడగండి” అనును. ఆ యేడు మినుములు పీకించెను. ఆవు ఈనగా దూడను నిలిపెను. మా అమ్మకు ఆటలమ్మ పోసిన దినములలో వేపమండ చేతబట్టి ప్రక్క విడువలేదు, టపా వేళ దక్క.

“ఏడ్చేది కాదా?” అని అడిగితిని.

“పదిగంటలకు ఏడ్చేది” అని అమ్మ చెప్పెను.

ఉత్తరము రాలేదు. మనిషియు రాలేదు. అరుగుపై నిలుచుట ఆమె యెన్నడు మానెనో అమ్మకు జ్ఞాపకము లేదు.

మరునాడు నేను మా అక్కగారి యింటికి పోయితిని. టెలివిజనుకు ఉదయమొక అరగంట, రాత్రి యొక అరగంట వేళ యేర్పరచితిమి. పిల్లవాడు భూగర్భ రైలు స్టేషనులో తలదాచుకొని యుండెను. ఫోనునకు చార్జింగు అక్కడ దుర్లభము; బంధువులు నలుబదిమందియు పిలిచినచో, అవసరమునకు ఆ ఫోను మూగపోవును. కావున వాని తల్లి మాత్రమే దినమునకు రెండుమారులు మాటాడవలెననియు, ఆమె విన్నది మన గ్రంథపాలకుడు ఈ వరండాలోని నల్లబల్లపై వ్రాయవలెననియు నిశ్చయించితిమి. మీలో అనేకులు ఆ బల్ల యెదుట నిలిచినవారే. ఖార్కివ్ ఎక్కడనున్నదో ఈ గ్రంథాలయపు అట్లాసులోనే కదా వెదకితిమి! ఆ పుటలో మన వ్రేళ్ల మరక యిప్పటికిని పోలేదు. కార్యదర్శిగారు క్షమింతురు గాక.

దీనివలన ఆందోళన తగ్గెనని చెప్పను. మార్చి 1వ తేదీన ఖార్కివ్‌లో కర్ణాటక విద్యార్థి యొకడు ఫిరంగి దాడిలో మరణించెనని వినిననాడు మా అక్కగారు ముద్ద మ్రింగలేదు. అయినను వేళకు పాలు పితికెను. పదవ తరగతి చదువుచున్న మనుమరాలి ప్రక్కన కూర్చుండి పాఠము అప్పగించుకొనెను. ఆ పిల్లను అంతవరకు నాలుగు దినములుగ పలుకరించినవారు లేరు. పిల్లవాడు బాంబుల క్రిందనుండగా పాడియేమి, పాఠమేమి, ఇది రాతిగుండె కాదాయని కొందరనిరి. అప్పుడు నాకు బదులు తోచలేదు. నేడడిగినచో కుంతిని చూడుడందును. కొడుకులు అరణ్యముల పాలుకాగా ఆమె పదుమూడేండ్లు విదురుని యింట నుండెను. కృష్ణుడు రాయబారమునకు వచ్చినపుడు ఆయన యెదుట కన్నీరు విడిచెను. కొడుకులకు పంపవలసిన మాటయు మరువక పంపెను.

ఆ నెలలలో పొద్దుతిరుగుడు నూనె ధర పెరుగుట మీరెరిగినదే. మన దేశము కొనుచుండిన ఆ నూనెలో అధికభాగము ఉక్రెయినుదే.

మార్చి 2వ తేదీన భారత దౌత్య కార్యాలయమువారు, వాహనము దొరకనివారు నడిచియైనను వెంటనే ఖార్కివ్ విడిచి, పిసోచిన్ మొదలగు చోట్లకు చేరవలెనని హెచ్చరించిరి. మావాడు తోడి విద్యార్థులతో నడిచెను. పిమ్మట పడమటి సరిహద్దు దాటి, ప్రభుత్వమువారు ఆపరేషన్ గంగ పేర నడపిన విమానములలో నొకదానిపై ఢిల్లీ చేరెను. ఆ యుద్ధభూమి నుండి అప్పుడు తిరిగివచ్చిన భారతీయులు సుమారు 22,500 మంది.

వాడు మా యింటికి వచ్చి అమ్మ పాదములకు మ్రొక్కినపుడు ఆమె బాంబులను గూర్చి అడుగలేదు. వాని మోకాళ్లు తడవి, “ఎంత దూరం నడిచావురా?” అనెను.

“పదకొండు కిలోమీటర్లు, తాతమ్మా. తరవాత బస్సు దొరికింది.”

ఆమె చాలసేపు ఏదియో లెక్కపెట్టుచున్నట్లు కూర్చుండి, “బస్సు దొరికిందన్నమాట” అనెను.