గాలి తేటపడిన ఆ రెండు నెలలు



ఏటా ఈ సభలో చదువులు, స్కాలర్‌షిప్పులు, పెళ్ళి ఖర్చుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి గాలి గురించి మాట్లాడమని కార్యవర్గంవారు మామీద భారం పెట్టారు. గాలి గురించి చెప్పేదేముంది అనుకోకండి. మేడ్చల్‌లో గానీ షామీర్‌పేటలో గానీ దమ్ముతో బాధపడే మనిషి లేని గల్లీ ఏదైనా ఉందా, మీరే చెప్పండి.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగింది. ఆ రోజే మన రాష్ట్ర ప్రభుత్వం నెలాఖరు దాకా లాక్‌డౌన్ ప్రకటించింది. 25వ తేదీ నుంచి దేశం యావత్తూ మూతపడింది. దఫదఫాలుగా పొడిగిస్తూ మే ఆఖరు దాకా అది నడిచింది. మేడ్చల్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి, షామీర్‌పేట మీదుగా పోయే కరీంనగర్ రోడ్డు, రెంటినీ కోసుకుంటూ పోయే అవుటర్ రింగు రోడ్డు, ఈ మూడూ రాత్రింబవళ్ళు మోగుతుండేవి. సరుకుల లారీలు తప్ప మిగతా చప్పుడంతా ఆగిపోయింది. ఆ ఏడు రంజాన్ ఏప్రిల్ 25న మొదలైంది. తరావీహ్ ఇళ్ళలోనే, చివరికి ఈద్ నమాజ్ కూడా ఇళ్ళలోనే. సహరీకి లేచి మిద్దె ఎక్కితే మాత్రం ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉండేది. అది మనలో చాలామంది చూసిందే.

కంటికి కనబడింది నిజమేనా అంటే నిజమే. ముందు చైనాలో, తర్వాత ఐరోపాలో, ఆ తర్వాత మన దేశంలో నైట్రోజన్ డయాక్సైడ్ పడిపోయినట్టు ఉపగ్రహాలే చూపించాయి. ఇది ముఖ్యంగా ఇంజన్ల నుంచి, బొగ్గు కాల్చే చోట్ల నుంచి వచ్చే వాయువు. బండ్లు ఆగిపోయాయి కనుక అన్నిటికన్నా ఎక్కువ తగ్గింది ఇదే. పంజాబులోని జలంధర్ నుంచి ధౌలాధర్ కొండలు కనిపించాయని పేపర్లలో ఫోటోలు కూడా వచ్చాయి.

కానీ సన్నని ధూళి సంగతి వేరు. పీఎం 2.5 అంటారు, వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతు ఉంటుంది. ముక్కులో ఆగదు, ఊపిరితిత్తుల అడుగుకు దిగిపోతుంది. ఇదీ తగ్గింది గానీ, బండ్లు తగ్గినంతగా తగ్గలేదు. ఎందుకంటే పొయ్యి ఆగలేదు, చెత్త తగలబెట్టడం పూర్తిగా ఆగలేదు, మట్టి లేవడం ఆగలేదు. ఇక ఓజోన్ అయితే చాలాచోట్ల తగ్గకపోగా పెరిగింది కూడా. వింతగా ఉంది కదా. ఇంజన్ పొగలో ఉండే నైట్రిక్ ఆక్సైడ్ ఓజోన్‌ను తినేస్తుంది. తినేది తగ్గింది గనుక, పైగా ఎండాకాలం గనుక, ఓజోన్ నిలిచిపోయింది. ఒక్క మీట నొక్కితే గాలి మొత్తం బాగుపడుతుందనుకుంటే కుదరదన్నమాట.

ఇంకో మాట కూడా చెప్పాలి. జనవరి గాలితో ఏప్రిల్ గాలిని పోల్చి, చూశారా లాక్‌డౌన్ మహిమ అనేవాళ్ళున్నారు. అది సరైన లెక్క కాదు. చలికాలంలో నేల దగ్గరి చల్లగాలి మీద వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది, పొగ పైకి పోదు. ఎండాకాలంలో ఆ మూత ఎత్తుకు లేస్తుంది. పోల్చదలిస్తే అంతకుముందు సంవత్సరాల ఏప్రిల్‌తోనే పోల్చాలి. అలా పోల్చినా తగ్గుదల కనబడుతుంది, అది వేరే విషయం.

లాక్‌డౌన్ మంచిదే, ఏడాదికొకసారి పెట్టాలి అని వాదించేవారితో మాకు పేచీ ఉంది. ఆ తేట గాలి కింద మేడ్చల్ రోడ్డు మీద ఎవరు నడిచారో మరచిపోకూడదు. బిహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ కూలీలు పిల్లల్ని భుజాన వేసుకుని, మూటలు నెత్తిన పెట్టుకుని నాగపూర్ దిక్కుగా నడిచిపోయారు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు మొదటి ప్రత్యేక రైలు కదిలేదాకా వాళ్ళకు నడకే గతి. మన ఆటోవాళ్ళు, మెకానిక్కులు, పండ్ల బండ్లవాళ్ళు ఎలా బతికారో ఈ హాల్లో కూర్చున్నవారికి మేము చెప్పనక్కరలేదు. పేదవాడి కూడు ఆపి తెచ్చిన గాలిని మేము నమూనాగా ఒప్పుకోము.

అయితే తెలిసొచ్చింది ఒకటుంది. ఈ పొగ మన నసీబు కాదు. మనుషులు పుట్టించినదే. మన దేశపు ప్రమాణం ప్రకారం పీఎం 2.5 ఘనపు మీటరుకు రోజుకు 60, సంవత్సరపు సగటు 40 మైక్రోగ్రాములు దాటరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ హద్దుల్ని 15కి, 5కి దించింది. ఆ ప్రమాణాలు అందుకోలేని నగరాల కోసం కేంద్రం 2019లో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది, అందులో మన హైదరాబాదు కూడా ఉంది.

పాత డీజిల్ ఆటో తీసేయమని చెప్పడం తేలిక. కిస్తీలు కట్టేవాణ్ణి అడగండి, ఏమంటాడో. కాబట్టి వడ్డీలేని అప్పుల సంగతి కార్యవర్గం ఆలోచించేటప్పుడు గ్యాసు ఆటో, కరెంటు ఆటోలకు కూడా చోటివ్వాలని మా మనవి. చెత్త విషయంలో అంత కష్టం లేదు. దావత్ అయిన మర్నాడు ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు ఫంక్షన్ హాలు వెనక తగలబెట్టడం మన చేతిలో ఉన్న పని. మున్సిపాలిటీ బండి వచ్చేదాకా ఆగితే చాలు.

2020లో మన వైపు వాళ్ళకు దగ్గరలో ఉన్న ఆటోమేటిక్ గాలి కొలిచే కేంద్రం బొల్లారం పారిశ్రామికవాడలోది. తర్వాత కొంపల్లి మున్సిపల్ ఆఫీసులో ఒకటి పెట్టారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ అనే యాప్‌లో ఈ కేంద్రాల అంకెలు చూడొచ్చు. 50 లోపు మంచిది, 100 దాకా ఫరవాలేదు, 200 దాటితే చెడ్డది. ఫజ్ర్ తర్వాత చెరువు కట్టమీద నడిచే పెద్దలకు, వాళ్ళలో దమ్మున్నవారికి ముఖ్యంగా చెబుతున్నాము. డిసెంబరు, జనవరి నెలల్లో ఆ అంకె పెద్దగా ఉన్న రోజు నడకను ఎండ బాగా వచ్చినాక పెట్టుకోండి. ఫోను చూడటం రానివారికి ఇంట్లో పిల్లలు చూసి చెబుతారు.