పండగ పొద్దున వండినవాళ్లూ కూర్చుని తినాలి

(సంక్రాంతికి ముందు జరిగిన సిబ్బంది కుటుంబాల కలయికలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు, విషయం మీ ఇష్టం అన్నారు. మొండి బకాయిల గురించి మాట్లాడితే మావాళ్లు మొహమాటానికైనా వింటారు. మీరు అది కూడా వినరు. అందుకని పండక్కి ఇంటికొచ్చిన చుట్టాలకు పొద్దున్నే ఏం టిఫిను పెట్టాలన్న విషయం ఎంచుకున్నాను. వినడానికి చిన్నదే. కానీ మన ఇళ్లలో పండగ పూట ఎవరు కూర్చుంటారో, ఎవరు చివరిదాకా నిలబడతారో తేల్చేది ఆ టిఫినే.

ముందు ఒక లెక్క చూద్దాం. ఇంట్లో 12 మంది ఉన్నారు. మనిషికి మూడు దోసెలు వేసుకుంటే 36. ఒక్కోటి కాలడానికి మూడు నిమిషాలు. మొత్తం 108 నిమిషాలు. అంటే దాదాపు రెండు గంటలు ఒక మనిషి పెనం ముందు నిలబడాలి. పెసరట్టు వేసినా, పూరీ వేసినా ఇంచుమించు ఇదే. ఎంబీఏలో దీనికి బాటిల్‌నెక్ అని పేరు. పెన్షన్లు పడే రోజున బ్రాంచిలో ఒకే క్యాష్ కౌంటరు ఉంటే క్యూ ఎక్కడిదాకా వస్తుందో మనకు తెలుసు. కౌంటరులో ఉన్న మనిషి ఎంత చురుకైనా ఆ క్యూ తరగదు. మన ఇంట్లో ఆ కౌంటరు పెనం. ఆ కౌంటరులో కూర్చునేది, కాదు, నిలబడేది అమ్మో, అత్తగారో, వదినో.

ఇడ్లీ ఉంది కదా అని మీరంటారు. నిజమే, ఇడ్లీ వాయిలెక్కన అవుతుంది. కానీ 16 ఇడ్లీల కుక్కరుతో 12 మందికి మూడు వాయిలు తప్పవు. పక్కన చట్నీ, సాంబారు, కారప్పొడి లేకపోతే చుట్టాలు ఏమీ అనరు గానీ, మనకే బాగుండదు. పని పెనం మీంచి మిక్సీ దగ్గరికి జరిగిందే తప్ప తగ్గలేదు.

నేను మూడేళ్లు వడోదరలో పనిచేశాను. మన సంక్రాంతి వాళ్లకు ఉత్తరాయణ్. జనవరి 14న తెల్లారగానే ఊరంతా డాబాల మీద ఉంటుంది. పిల్లలు, ముసలివాళ్లు, కోడళ్లు, అల్లుళ్లు అందరి చేతుల్లోనూ గాలిపటం దారాలే. మర్నాడు వాసి ఉత్తరాయణ్, మళ్లీ అదే వరస. ఆ రెండు రోజులూ కింద వంటింట్లో మిగిలిపోవాలని ఎవరు మాత్రం అనుకుంటారు? అందుకే ముందే చేసిపెట్టుకుని, చేత్తో పట్టుకుని తినగలిగేవి వాళ్లకు చాలా ఉన్నాయి. శ్రావణంలో వచ్చే శీతలా సాతమ్ నాడైతే పొయ్యి వెలిగించరు. ముందురోజు వండినవే తింటారు. ఒక పూట పొయ్యికి సెలవివ్వడం ఆచారంగానే పెట్టుకున్నారన్నమాట.

మా పక్కింటి బెన్ దగ్గర నేను నేర్చుకున్నది హాండ్వో. బియ్యం, పప్పులు కలిపిన పులిసిన పిండిలో సొరకాయ తురుము వేసి, పైన నువ్వుల పోపు పోసి, మొత్తం ఒకేసారి కాల్చే ఉప్పటి కేకు అనుకోండి. పాత రోజుల్లో దీనికి ప్రత్యేకంగా ఒక కుక్కరు ఉండేది. అడుగు భాగంలో ఇసుక పోసి, దాని మీద గిన్నె పెట్టి, సన్న సెగన ఉంచేవారు. ఇసుక వేడిని అన్ని వైపులా సమంగా పంచుతుంది. ఇది చూడగానే నాకు మన దిబ్బరొట్టె గుర్తొచ్చింది. గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్లకు చెప్పక్కర్లేదు. మినప్పప్పు రుబ్బి, బియ్యపు రవ్వ కలిపి, మందపాటి మూకుడులో నూనె వేసి, పిండంతా ఒక్కసారే పోసి, పైన మూత మీద నిప్పులు పెట్టి కాల్చేవారు. కింద సెగ, పైన సెగ. ఓవెన్ చేసే పని అదే. కాబట్టి బేకింగ్ మనకు కొత్త అనుకోనక్కర్లేదు.

ఇప్పుడు కొలతలు. కాగితం, పెన్ను ఉన్నవాళ్లు రాసుకోండి. అరిసెలు, జంతికలు ఎలాగూ ఉంటాయి కాబట్టి 12 మందికి ఇది సరిపోతుంది. బియ్యం రెండు కప్పులు, శనగపప్పు అర కప్పు, కందిపప్పు అర కప్పు, మినప్పప్పు పావు కప్పు. నాలుగూ కడిగి ఐదారు గంటలు నానబెట్టి, ఒక కప్పు పుల్ల పెరుగు పోసి, కాస్త బరకగా రుబ్బాలి. ఇడ్లీ పిండి కన్నా పలచన కాకూడదు. ఉద్యోగస్తులకు మధ్యాహ్నం నానబెట్టే వీలు ఎక్కడిది? అందుకని ఇవే కొలతల్లో బియ్యం, పప్పులు ముందే రవ్వ పట్టించి డబ్బాలో పెట్టుకోండి. గుజరాతీ ఇళ్లలో ఇలాంటి పిండి ఎప్పుడూ ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి ఇంటికొచ్చాక పెరుగు, గోరువెచ్చని నీళ్లు పోసి కలిపి మూతపెడితే చాలు. చలికాలం పిండి తొందరగా పొంగదు కాబట్టి గిన్నెకు తువ్వాలు చుట్టి, ఆపేసిన ఓవెన్‌లోనో, అల్మరాలోనో ఉంచండి.

పొద్దున్న ఆ పిండిలో రెండు కప్పుల సొరకాయ తురుము, ఒక క్యారెట్ తురుము, అల్లం పచ్చిమిర్చి ముద్ద, పసుపు, కొత్తిమీర, తగినంత ఉప్పు, చెంచాడు బెల్లం కలపండి. సొరకాయను మీలో కొందరు ఆనపకాయ అంటారు, అదే. తురుమును రాత్రే కలపొద్దు. నీరు వదిలి పిండి జారిపోతుంది. మూడు గరిటెల నూనెలో ఆవాలు, జీలకర్ర, నువ్వులు, ఇంగువ, కరివేపాకు వేయించి, సగం పోపు పిండిలో కలిపి, సగం పక్కన ఉంచుకోండి.

పిండిని రెండు భాగాలు చేయండి. ఒక భాగంలో పావు చెంచా వంటసోడా కలిపి, వెంటనే నూనె రాసిన 20 సెంటీమీటర్ల చదరపు గిన్నెలో పోసి, మిగిలిన పోపులో సగం పైన చల్లి, ముందే వేడిచేసిన ఓటీజీలో 180 డిగ్రీల దగ్గర 40 నుంచి 45 నిమిషాలు ఉంచండి. చాకు గుచ్చి తీస్తే పిండి అంటకూడదు, పైన ఎర్రగా రావాలి. రెండో భాగంలో సోడా ఇప్పుడే కలపొద్దు. గిన్నెలో పోసే ముందే కలపాలి, లేకపోతే ఆ పొంగు కాస్తా పోతుంది. ఓటీజీ లేనివాళ్లు దిబ్బరొట్టెలాగే మందపాటి మూకుడులో పోసి మూతపెట్టి, సన్న సెగ మీద 20 నిమిషాలు, తిరగేసి ఇంకో 10 నిమిషాలు కాల్చండి. నేనైతే ఒకటి ఓవెన్‌లో, ఒకటి పొయ్యి మీద పెడతాను. మంట పెంచితే మాత్రం అడుగు మాడి నడుమ పచ్చిగా ఉంటుంది. పది నిమిషాలు ఆరనిచ్చి, ఒక్కోదాన్ని 12 ముక్కలు కోయండి. మనిషికి రెండు వస్తాయి. పక్కన ఆవకాయో, పెరుగో చాలు. చల్లారినా బాగుంటుంది కాబట్టి ఆలస్యంగా లేచే కుర్రాళ్ల కోసం మళ్లీ పొయ్యి వెలిగించక్కర్లేదు. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పెనం మీద నువ్వులతో వేడిచేయండి.

పొయ్యి మీది దాన్ని తిరగేసి దించడం తప్ప, ఈ 45 నిమిషాల్లో వంటింట్లో ఎవరూ నిలబడక్కర్లేదు. అసలు సంగతి అదే. ముగ్గులేసిన పిల్లలతో మాట్లాడొచ్చు, స్నానం చేయొచ్చు, ఊరికే కూర్చోవచ్చు.

బదిలీ మీద వచ్చాక మొదటి సంక్రాంతికి ఇది చేస్తానంటే మా అత్తగారు వెంటనే ఒప్పుకోలేదు. "పండగ పూట గారెలు లేకుండానా?" అన్నారు. ఆవిడ మాటలో న్యాయం ఉంది. గారెలు మధ్యాహ్నం నైవేద్యానికి వేద్దాం, పొద్దున టిఫినుకు మాత్రం ఇది అని రాజీకొచ్చాం. ఆ రోజు అందరికీ ప్లేట్లు పెట్టాక కూడా ఆవిడ అలవాటు కొద్దీ వంటింటి గుమ్మం దగ్గరే నిలబడ్డారు. "ఇంకేం వడ్డించాలమ్మా? అన్నీ బల్ల మీదే ఉన్నాయి, నువ్వూ రా" అని మా వారు కుర్చీ జరిపారు. ఆవిడ వెళ్లి తమ్ముడి పక్కన కూర్చున్నారు. వాళ్లిద్దరూ చిన్నప్పటి చెరువు గురించి, వాళ్ల నాన్నగారి సైకిలు గురించి గంటసేపు మాట్లాడుకున్నారు. ఆయన ఏటా వస్తూనే ఉన్నారు, ఏటా ఆవిడ చేతి దోసెలు తింటూనే ఉన్నారు. "అక్కయ్యా, పండక్కొచ్చి నీతో ఇంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదే" అన్నారు ఆ రోజు. ఆవిడేమీ అనలేదు గానీ, రెండో ముక్క తనే తీసుకున్నారు.

నేనూ, మీలో చాలామందీ చుట్టాలొస్తున్నారంటే లోపల కంగారు పడతాం. వాళ్ల మీద ప్రేమ లేక కాదు, ముందురోజు రాత్రిదాకా బ్రాంచిలో ఉండి, మర్నాడు పొద్దున పెనం ముందు నిలబడే ఓపిక ఉండదు. అలా పిలవడం తగ్గిస్తూ పోతే, కొన్నేళ్లకు మన పిల్లలకు మేనత్త పిల్లల పేర్లు కూడా తెలియవు. పిలుపులు తగ్గించుకునే బదులు పొయ్యి దగ్గర పని తగ్గించుకోవడం మేలు.

ఒక్క మాట మగవాళ్లకు. మన బ్యాంకులో ఏ వోచరుకైనా మేకర్, చెకర్ ఇద్దరూ ఉండాలి. ఇంట్లో మాత్రం మీరు ఎప్పుడూ చెకర్లే: ఉప్పు తక్కువైంది, కారం ఎక్కువైంది. ఈ పండక్కి సొరకాయ తురమడం దగ్గర మేకర్లు కండి. ఉప్పు సంగతి అమ్మగారు చూసి చెబుతారు, కుర్చీలో కూర్చుని.