ముందు కూర్చుందాం, తర్వాతే పొదుపు



మన పంచసూత్రాల్లో మొదటిది సమావేశం. పొదుపు రెండోది. డబ్బు కంటే ముందు కూర్చోవడం ఎందుకు పెట్టారో నాకు చాలా కాలం తెలీలేదు.

మా సంఘంలో ఒక చెల్లికి భర్త చనిపోయాడు. రెండు నెలలు వాయిదా కట్టలేదు. లీడర్ని కదా అని అందరి ముందూ అడిగేశాను. ఆమె సమావేశానికి రావడమే మానేసింది. తప్పు నాదే. నలుగురం కలిసి వాళ్లింటికి వెళ్లాం. వాయిదా మాట ఎత్తలేదు. ఆమె ఏడ్చింది, మేమూ ఏడ్చాం. ఆ రెండు వాయిదాలూ సంఘం పొదుపులోంచి సర్దాం. ఊడ్పులకి మాతో తీసుకెళ్లాం. "పాపం అనకండక్కా, ఏదన్నా పని చెప్పండి" అని తనే అంది. సంఘం పుస్తకాలు రాసే పని ఇచ్చాం. ఇవాళ బ్యాంకుకి కూడా ఆమే వెళ్తోంది.

నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చుని, సారా వల్ల పడే బాధలు ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆ ఊళ్లో రేగిన ఉద్యమం ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం అయింది. ఎవరింట్లో వాళ్లు ఏడుస్తూ ఉండిపోతే అయ్యేదా?

అందుకే ఒక్కటే అడుగుతున్నాను. ఈసారి సమావేశంలో ఎవరు రాలేదో చూడండి. పుస్తకంలో గైర్హాజరు వేసి ఊరుకోకండి. ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లండి.