ఇరుగుపొరుగు దేశముల సహకార సంఘము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



ఒక గ్రామమున గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలుచుట సామాన్య విషయము కాదు. చందాలు వసూలు కావలెను. తలుపు వేళకు తెరవవలెను. తీసికొనిపోయిన పుస్తకము తిరిగి రావలెను. పాలకవర్గమున మాటపట్టింపులు వచ్చినను సమావేశము మానరాదు. ఇందులో ఏది తప్పినను ప్రారంభోత్సవమునాటి పూలమాలలు దానిని కాపాడజాలవు. ఊరిలోని ఇండ్ల విషయమున నిజమైన ఈ మాట దేశముల విషయమునను నిజమే. ఇరుగుపొరుగు దేశములు కలిసి సహకార సంఘములను ఎట్లు స్థాపించుకొనినవి, అవి ఎక్కడ నడిచినవి, ఎక్కడ ఆగినవి అనునది నేటి ప్రసంగ విషయము.

ప్రాచీన రాజనీతిజ్ఞులకు పొరుగురాజుపై సదభిప్రాయము లేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున మండల సిద్ధాంతము కలదు. దాని ప్రకారము సరిహద్దు నానుకొని యున్న రాజు సహజ శత్రువు. ఆ శత్రువునకు ఆవల నున్నవాడు మిత్రుడు. గట్టు ఉన్నచోట తగవుండునని యెరిగిన కర్షకులకు ఈ సూత్రము వింతగా తోచదు. కాని గట్టుతగవు గల ఆ యిద్దరును ఒకే చెరువు నీటిని పారించుకొనవలసినవారే. తూము మరమ్మతు, కాలువ పూడికతీత కలిసి చేసికొనకున్న ఇద్దరి పైరును ఎండును. పొరుగువాడు శత్రువు కావచ్చును గాని పొరుగువాడు లేక పని జరుగదు. ఈ యెరుకనుండియే ప్రాంతీయ సహకార సంఘములు పుట్టినవి.

మన దక్షిణాసియాలో అట్టి సంఘము కావలెనని మొదట గట్టిగా తలపెట్టినవాడు బంగ్లాదేశ్ అధ్యక్షుడు జియావుర్ రహ్మాన్. ఆయన 1980 మే నెలలో పొరుగు దేశముల అధినేతలకు లేఖలు వ్రాసెను. లేఖ అందగానే అందరును సంతోషించిరనుకొనరాదు. చిన్న దేశములన్నియు ఒక్కటై తనపై వత్తిడి తెచ్చునేమోయని భారతదేశము శంకించెను. ఈ సంఘము చాటున భారతదేశము పెత్తనము చేయునేమోయని పాకిస్థాన్ శంకించెను. అయినను 1981 ఏప్రిల్‌లో విదేశాంగ కార్యదర్శులు కొలంబోలో కూడిరి. మరుసటి నెలలోనే జియావుర్ రహ్మాన్ హత్యకు గురియయ్యెను. తాను నాటిన విత్తు మొలకెత్తుట ఆయన చూడలేదు. 1983 ఆగస్టులో విదేశాంగ మంత్రులు న్యూఢిల్లీలో సమావేశమైరి. తుదకు 1985 డిసెంబరు 8వ తేదీన ఢాకా నగరమున బంగ్లాదేశ్, భూటాన్, భారతదేశము, మాల్దీవులు, నేపాల్, పాకిస్థాన్, శ్రీలంక అను ఏడు దేశముల అధినేతలు నియమావళిపై సంతకములు చేసిరి. దానికి ‘సార్క్’ అని పేరు. 1987 జనవరిలో ఖాట్మండులో సచివాలయము తెరువబడెను. 2007లో ఆఫ్ఘనిస్థాన్ ఎనిమిదవ సభ్యదేశమయ్యెను.

ఇన్ని శంకల నడుమ ఈ సంఘము ఎట్లు పుట్టగలిగెను? నియమావళిలోని రెండు కట్టుబాట్లవలన. మొదటిది: ఏ నిర్ణయమైనను ఏకగ్రీవముగనే జరుగవలెను. రెండవది: ఇరుదేశముల నడుమ నున్న తగవులు, వివాదాస్పద విషయములు సభలో చర్చకు రారాదు. మన గ్రామ సహకార సంఘమున అధికసంఖ్యాకుల మాట చెల్లును. ఓడినవాడు గొణుగుకొనుచునైనను దానికి లోబడును. ఏలయన పైన చట్టము కలదు, రిజిస్ట్రారు కలడు. స్వతంత్ర దేశమునకు పైన రిజిస్ట్రారు లేడు. తన యిష్టము లేక ఏ పనియు జరుగదను హామీ లేనిచో ఏ దేశమును సంతకము చేసియుండెడిది కాదు. కావున ఆ కట్టుబాట్లను తప్పుపట్టుటకు వీలులేదు. అవే సంఘమునకు ప్రాణము పోసినవి.

కాని పుట్టించిన కట్టుబాటే కాళ్ళకు బంధమయ్యెను. 2014 నవంబరులో ఖాట్మండున పదునెనిమిదవ శిఖరాగ్ర సమావేశము జరిగినది. వాహనములు ఒక దేశమునుండి మరియొక దేశమునకు నిరాటంకముగా పోవుటకును, రైళ్ళు నడచుటకును ఒప్పందములు వ్రాసి సిద్ధముగా నుంచిరి. తన అంతరంగిక పరిశీలన పూర్తికాలేదని పాకిస్థాన్ తెలిపెను. ఒక్కరు కాదన్నందున అందరి సంతకములును ఆగిపోయినవి. విద్యుత్తునకు సంబంధించిన ఒప్పందము మాత్రము మిగిలినది. 2016 నవంబరులో ఇస్లామాబాద్‌లో జరుగవలసిన సమావేశము, ఆ సెప్టెంబరులో ఉరీ సైనిక శిబిరముపై దాడి జరిగిన పిమ్మట, భారతదేశమును మరికొన్ని దేశములును రామనుటచే నిలిచిపోయినది. అధినేతలు ఏటికొక్కమారైన కూడవలెనని నియమావళి చెప్పుచున్నది. 1985 మొదలు 2014 వరకు ముప్పది సంవత్సరములలో కూడినది పదునెనిమిది మారులు. ఆ తరువాత శిఖరాగ్ర సమావేశమే లేదు.

జమాబంది నాడు జమను విడిచి ఖర్చు మాత్రమే చదువుట న్యాయము కాదు. ఈ సంఘము పేర 2010లో ఢిల్లీలో దక్షిణాసియా విశ్వవిద్యాలయము ఆరంభమైనది. 2006 జనవరి 1 నుండి స్వేచ్ఛావాణిజ్య ఒప్పందము అమలునకు వచ్చినది. 2020 మార్చి 15న, కరోనా వ్యాధి వ్యాపించు వేళ, ఈ దేశముల ప్రతినిధులు దూరదృశ్య సాధనముల ద్వారా ముఖాముఖి మాటలాడుకొనిరి. అయినను ప్రపంచ బ్యాంకు లెక్క ప్రకారము దక్షిణాసియా దేశముల మొత్తము వ్యాపారమున తమలో తాము చేసికొనునది నూటికి 5 పాళ్ళు మాత్రమే. ఆగ్నేయాసియా దేశములలో అది సుమారు నాలుగవ వంతు.

ఈ లెక్కలు మనవంటి పల్లెవాసులకెందుకని ఎవరైనను అడుగవచ్చును. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల మత్స్యకారులు బ్రతుకుతెరువునకై గుజరాతు తీరమునకు పోయి అక్కడి పడవలలో పనిచేయుచుందురు. 2018 నవంబరులో అట్టివారు కొందరు సముద్రముమీద పాకిస్థాన్ అధికారులచే పట్టుబడి కరాచీ చెరసాలలో ఏడాదికి పైగా నుండిరి. వారిలో ఇరువదిమంది 2020 జనవరిలో వాఘా సరిహద్దున విడుదలైరి. నీటిమీద గట్టులేదు, హద్దురాయి లేదు. వలవెంట పోయినవానికి తాను దేశము దాటితినని తెలియదు. ఇట్టి విషయము ఇరుదేశముల తగవు క్రిందికి వచ్చును గనుక సార్క్ సభలో దానికి చోటులేదు. ఏ తగవులను బయట ఉంచి సంఘము పుట్టినదో ఆ తగవుల భారము చదువురాని వలకాపు తలపై పడినది.

పాత సంఘము నడవనప్పుడు క్రొత్త సంఘము పెట్టుకొనుట లోకసహజము. బంగాళాఖాతము చుట్టునున్న దేశములకు ‘బిమ్స్‌టెక్’ అను సంఘము కలదు. 1997 జూన్ 6న బ్యాంకాక్ నగరమున బంగ్లాదేశ్, భారతదేశము, శ్రీలంక, థాయిలాండ్ దేశములు దీనిని స్థాపించినవి. ఆ సంవత్సరాంతముననే మయన్మార్, 2004లో నేపాల్, భూటాన్ చేరినవి. సార్క్ మందగించిన పిమ్మట అందరి చూపును దీనిపై పడినది. కాని దీని చరిత్రయు గమనింపదగినది. పుట్టిన పదునేడేండ్లకు, 2014లో, ఢాకాలో దీనికొక కార్యాలయము ఏర్పడెను. నియమావళిపై సంతకములు 2022 మార్చి 30న జరిగినవి. అనగా సంఘమునకు రజతోత్సవము వచ్చునాటికి నిబంధనలు వ్రాసికొనిరన్నమాట! అవి అమలునకు వచ్చినది 2024 మే 20న. పనులు మాత్రము ఆరు రంగములతో మొదలై పదునాలుగింటికి పెరిగి, మోయలేక మరల ఏడింటికి కుదించబడినవి. అన్నము ఉడుకకముందే విస్తళ్ళు పరచినట్లయినది. 1997 మొదలు 2025 ఏప్రిల్ వరకు అధినేతలు కూడినది ఆరు మారులు. స్వేచ్ఛావాణిజ్యమునకు 2004లో చట్రము వ్రాసికొనినను 2025 సమావేశము నాటికి ఒప్పందము పూర్తికాలేదు.

ఒకదానికి నియమావళి ముందు కలదు, నడక లేదు. మరియొకదానికి నడక కొంత కలదు, నియమావళి చాలకాలము లేదు. అట్లయిన దేనివలన సంఘము నిలుచును? ఆగ్నేయాసియాలోని ‘ఆసియాన్’ కొంత సమాధానము చెప్పుచున్నది. 1967 ఆగస్టు 8న ఇండొనీసియా, మలేసియా, ఫిలిప్పీన్స్, సింగపూర్, థాయిలాండ్ అను ఐదు దేశములు బ్యాంకాక్‌లో ఒక చిన్న ప్రకటనతో దానిని స్థాపించినవి. ఇండొనీసియా, మలేసియాల నడుమ సాయుధ ఘర్షణ అంతకు ముందటి సంవత్సరమే ముగిసినది. వారికిని ఏకాభిప్రాయమే పద్ధతి. వారి నియమావళి 2008 డిసెంబరులో గాని అమలునకు రాలేదు. అయినను విదేశాంగ మంత్రులు దాదాపు ఏటేట కలిసికొనుచు వచ్చిరి. పెద్ద దేశమైన ఇండొనీసియా తన పెద్దరికమును చాటుకొనక ఒదిగి కూర్చుండెను. ఐదు దేశములు కాలక్రమమున పదియయ్యెను. 2025 అక్టోబరులో తూర్పు తిమోర్ పదునొకొండవదిగా చేరినది.

మన తీరమునకు దగ్గరగా ఇంకొక నిదర్శనము కలదు. 1970 నవంబరులో నాటి తూర్పు పాకిస్థాన్ తీరమును ముంచిన తుపానులో మూడు లక్షలకు తక్కువ కాకుండ జనులు మరణించిరి. 1977 నవంబరు 19న మన దివిసీమలో వేలాది ప్రాణములు పోయినవి. తుపానునకు పాస్‌పోర్టు అక్కరలేదు. ఐక్యరాజ్యసమితి సంస్థల ఆశ్రయమున ఈ సముద్రతీర దేశములు తుపానుల విషయమై ఒక కూటమిగా ఏర్పడి, హెచ్చరికలను పంచుకొనుచున్నవి. తుపానులకు పేర్లు పెట్టుట కూడ వంతులవారీగా జరుగుచున్నది. 2014 అక్టోబరులో విశాఖపట్టణమును కుదిపివేసిన ‘హుద్‌హుద్’ ఒమాన్ ఇచ్చిన పేరు. 2018లో శ్రీకాకుళము జిల్లాను దెబ్బతీసిన ‘తిత్లీ’ పాకిస్థాన్ ఇచ్చిన పేరు. 2023 డిసెంబరులో బాపట్ల వద్ద తీరము దాటిన ‘మిచౌంగ్’ మయన్మార్ ఇచ్చిన పేరు. ఇస్లామాబాద్ సభ ఆగిపోయిన తరువాత రెండేండ్లకు పాకిస్థాన్ వంతు పేరును ఢిల్లీ వాతావరణ కార్యాలయము ఏ సంకోచము లేక ప్రకటించెను. 2020లో తయారైన క్రొత్త పట్టికలో పదుమూడు దేశములు ఒక్కొక్కటి పదుమూడేసి పేర్లు చేర్చినవి.

అధినేతల సభ ఆగినచోట ఈ చిన్నపని ఎట్లు సాగుచున్నది? ఏలయన పని యేదో స్పష్టముగా తెలియును. ఎవరి వంతు ఎప్పుడో ముందే వ్రాసియున్నది. ఒకరి వంతు వచ్చుటవలన మరియొకరి గౌరవమునకు లోటులేదు. దాని ఫలము గుడిసెలోని వానికిని అందుచున్నది.

సముద్రముమీది నమ్మకము మనవారికి క్రొత్త కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. తుపానులో చిక్కి ఒడ్డున పడిన ఓడల సరకును పూర్వరాజులు అపహరించెడివారట. గణపతిదేవుడు ఆ దుష్టాచారమును మాన్పి, ఎగుమతి దిగుమతులపై ముప్పదింట ఒక వంతు సుంకము మాత్రమే పుచ్చుకొందునని రాతిపై చెక్కించెను. విదేశ వర్తకునకు కావలసినది స్నేహమును గూర్చిన ఉపన్యాసము కాదు; రేపు మారని లెక్క. బిమ్స్‌టెక్ దేశముల రేవుల సభ మొదటిసారి 2019 నవంబరులో మన విశాఖపట్టణముననే జరిగినది. ఆ సముద్రమున రవాణా సహకారమునకు 2025 ఏప్రిల్‌లో ఒప్పందమును చేసికొనిరి. అది రాతిమీది వ్రాత యగునో, నీటిమీది వ్రాత యగునో ఆచరణమే తేల్చవలెను.

ఇక పెద్దవాని ధర్మము. సార్క్ దేశముల జనసంఖ్యలో నూటికి డెబ్బదిమందికి పైగా భారతీయులే. చిన్నయసూరి నీతిచంద్రిక చదివినవారు చిత్రగ్రీవుని మరువరు. పావురములన్నియు వలతో కూడ ఎగిరి హిరణ్యకుడను ఎలుక వద్దకు వచ్చినవి. ఎలుక స్నేహముకొద్ది రాజు బంధములను మొదట కొరుకబోయెను. తన వారి బంధములు తెంచిన పిమ్మటనే తనవి తెంచుమని రాజు కోరెను. కలిసి ఎగురుట ఆ కథలోని సగము నీతి. పెద్దవాడు తన వంతు కడపట పుచ్చుకొనుట తక్కిన సగము. 1996లో విదేశాంగ మంత్రియైన ఇంద్రకుమార్ గుజ్రాల్ చిన్న పొరుగు దేశములకు చేయు మేలునకు సరికిసరి ప్రతిఫలము అడుగరాదని చెప్పెను. ఆ డిసెంబరులోనే బంగ్లాదేశ్‌తో గంగాజలముల పంపకమునకు ముప్పదియేండ్ల ఒడంబడిక కుదిరినది. దీనిని దానమనుట పొరపాటు. చుట్టును మంటలున్న ఇంటికి పెద్ద ప్రహరి రక్షణ కాదు.

కావున ఇకమీద ఇరుగుపొరుగు దేశములు క్రొత్త సంఘమును స్థాపించుకొనినను, పాతదానిని లేవనెత్తినను, గొప్ప ప్రకటనకు ముందు చూచుకొనవలసినవి కొన్ని కలవు. సమావేశపు తేదీ తగవులున్నను తప్పరాదు. అందరికి సమ్మతము కానిచో సమ్మతించినవారు ముందు నడచుటకును, తక్కినవారు తరువాత చేరుటకును దారి ఉంచవలెను. లెక్క వ్రాయువాడు, కార్యాలయము, దానికి తగిన పైకము మొదటి యేటనే యుండవలెను. మొదట చేపట్టు పని చిన్నదైనను దాని ఫలము పల్లెకు చేరవలెను. వలకాపు, కూలి, యాత్రికుడు సరిహద్దున చిక్కుపడినప్పుడు వారి మాట వినుటకు ఒక చోటు కావలెను. అన్నిటికి మించి, పెద్దవాడు ముందుగా ఇచ్చి, వెనుకగా పుచ్చుకొనవలెను.

తగవు తీరినగాని కలియమనువారు ఎన్నటికిని కలియరు. కలియుచుండగనే కొన్ని తగవులు తీరును. తీరనివి హద్దులో నుండును. చెరువు గట్టుమీద కర్షకులు ఎరిగిన ఈ సత్యమును రాజధానులలోని వారును ఎరుగుదురు గాక.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును చేసికొనునాటికి, ఇందలి పుస్తకములలో పొరుగు దేశముల కథలు యుద్ధచరిత్రల అరలోగాక, స్నేహచరిత్రల అరలో చేరుగాక. స్వస్తి.