పాత బొమ్మరైలు పట్టాల అతుకులు
(సాంస్కృతికోత్సవంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒప్పందపు కూలీలుగా నేటాల్ వచ్చిన మన పెద్దల్లో కొందరు రైల్వేలో పట్టాల పని చేశారు. వారి మనుమల ఇళ్ళలో బొమ్మరైళ్ళు తిరిగాయి. ఇప్పుడవి అటకమీద డబ్బాల్లో ఉన్నాయి. ముక్కలు అతకడం లేదని చాలామంది పారవేస్తున్నారు. నిజానికి పట్టా చెడి ఉండదు. వేరువేరు కాలాల ముక్కలు కలిసిపోయి ఉంటాయి, అంతే.

ముందు పట్టాల మధ్య దూరం కొలవండి. 32 మిల్లీమీటర్లుంటే ఓ గేజి, 16.5 ఉంటే డబుల్ ఓ గేజి.

హార్న్‌బీ వారు 1920లో మొదలుపెట్టిన ఓ గేజి పట్టా రేకు మడిచి చేసినది, లోపల బోలు. కీ ఇచ్చే బండి పట్టాకు ప్రతి చివరా ఒకవైపు చీల, రెండోవైపు రంధ్రం ఉంటాయి. చీల ఊడితే సరిపడా లావుదే పెట్టాలి. పెద్దది దూరిస్తే రేకు విచ్చుకుంటుంది.

1938లో వచ్చిన హార్న్‌బీ డబ్లోకు అడుగున రేకు పీఠం, పైన మూడు పట్టాలు. 1959లో వారే రెండు పట్టాల పద్ధతి తెచ్చారు. ఈ రెంటినీ కలపకండి, షార్టవుతుంది.

ట్రయాంగ్ వారి తొలి పట్టాకు బూడిదరంగు ప్లాస్టిక్ పీఠం. 1962 నాటి సూపర్ ఫోర్‌కు పట్టా లావు. 1970 నాటి సిస్టమ్ సిక్స్‌కు పట్టా సన్నం, చివర చిన్న ఫిష్‌ప్లేటు. ఈ రెండూ నేరుగా అతకవు. మధ్యలో ఒక చివర లావుగా, మరో చివర సన్నగా ఉండే పొట్టి ముక్క వేయాలి. విరిగినదనుకొని దాన్ని పారవేయకండి. డబ్బా మొత్తానికి అదే ముఖ్యం. సిస్టమ్ సిక్స్ అయితే నేటి హార్న్‌బీ పట్టాలూ దానికి అతుకుతాయి.

ఫిష్‌ప్లేటు వదులైతే చిన్న పటకారుతో మెల్లగా నొక్కండి. పాత ట్రాన్స్‌ఫార్మరును మాత్రం ఎలక్ట్రీషియనుకు చూపించనిదే ప్లగ్గులో పెట్టవద్దు.

మా తరగతిలో ఈ ముక్కలు బల్లమీద పోసి పట్టా, చీల, రంధ్రం, అతుకు అనే మాటలు నేర్పుతాను. పదిసార్లు చదివినా నిలవని మాట చేతిలో వస్తువుంటే నిలుస్తుంది.

పిల్లలూ, మీ తాతగారు ఉండగానే ఆ డబ్బా దింపించండి. ఏ ముక్క ఎక్కడిదో ఆయననే అడిగి కాగితంమీద రాసుకోండి. తెలుగులోనే అడగండి. ఆయన పోయిన తర్వాత ముక్కలు మిగులుతాయి గాని, చెప్పేవారు ఉండరు.